థియరీ రెండో అధ్యాయంలో, ప్రశ్నలు ఇంకో దారిలో

పరిశోధక విద్యార్థుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నల్లగొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. అడిగిన తీరు వేరైనా అందరి ఇబ్బందీ ఒక్కటే. గుణాత్మక పరిశోధనకు, అంటే అంకెల కన్నా మనుషుల మాటల మీద నడిచే పరిశోధనకు, సైద్ధాంతిక చట్రం (ఏదో ఒక థియరీ నుంచి తీసుకున్న భావనలు) కావాలని కమిటీ అంటుంది, విద్యార్థి ఒకటి తెచ్చి పెడతాడు, ఆ తర్వాత దాని అవసరం ఎక్కడా రాదు.

ప్రశ్న: మర్రిగూడ, మునుగోడు మండలాల్లో ఫ్లోరోసిస్ బాధితుల సామాజిక జీవితం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సినాప్సిస్‌లో (పరిశోధన పథకంలో) సామాజిక శాస్త్రవేత్త గోఫ్‌మన్ స్టిగ్మా సిద్ధాంతం, అంటే సమాజం మనిషి మీద వేసే మచ్చ గురించిన సిద్ధాంతం పెట్టాను. ఇంటర్వ్యూకు 22 ప్రశ్నలు తయారుచేసి చూపిస్తే మా గైడ్ "ఇందులో గోఫ్‌మన్ ఎక్కడున్నాడు?" అని అడిగారు. రెండో అధ్యాయంలో ఉన్నాడు సార్ అంటే నవ్వి ఊరుకున్నారు. ప్రశ్నల పట్టిక జత చేస్తున్నాను. ఏం మార్చాలి?
– పరిశోధక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ఆ పట్టిక మీద శీర్షిక కొట్టేసి, మీ టాపిక్ తెలియని తోటి విద్యార్థికి ఇచ్చి చూడండి. "ఇది ఏ థియరీ నుంచి పుట్టింది?" అంటే చెప్పలేకపోతారు. ఎందుకంటే "ఈ జబ్బు ఎప్పటి నుంచి ఉంది", "పింఛను వస్తోందా", "సమాజంలో వివక్ష ఎదుర్కొన్నారా" లాంటివి ఏ థియరీ చదవని విలేకరి కూడా అడుగుతాడు. చట్రం ఉన్నందుకు మూడు చోట్ల తేడా తెలియాలి: ఎవరిని కలుస్తున్నారు, ఏం అడుగుతున్నారు, ఏది వదిలేస్తున్నారు. ఈ మూడూ మారకపోతే రెండో అధ్యాయం చింపేసినా మీ థీసిస్‌కు నష్టం లేదు.

ఒక పెద్ద కాగితం తీసుకుని ఐదు గడులు గీయండి. మొదటి గడిలో థియరీలోని భావన. రెండో గడిలో అది మర్రిగూడలో ఏ రూపంలో కనిపించవచ్చో. మూడో గడిలో ఎవరిని అడగాలో, నాలుగో గడిలో ఏమని అడగాలో. ఐదో గడిలో ఏది దొరికితే ఈ భావన ఇక్కడ పనిచేయలేదని ఒప్పుకోవాలో. చాలామంది నాలుగు గడులతోనే ఆపేస్తారు. థియరీని మోసుకెళ్ళి థియరీనే తెచ్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో చెప్పినదంతా మీకు అక్కర్లేదు. మూడు భావనలు చాలు.

మొదటిది, బయటపడిన మచ్చకూ దాచుకోగల మచ్చకూ ఉన్న తేడా. వంగిపోయిన మోకాళ్ళు, బిగుసుకుపోయిన నడుము ఎదుటివారికి చూడగానే తెలుస్తాయి. పళ్ళ మీది గోధుమరంగు చారలు నోరు విప్పితేనే తెలుస్తాయి. మీ సినాప్సిస్‌లో ఈ రెండు రకాల వాళ్ళనూ "బాధితులు" అని ఒకే గాటన కట్టారు. గోఫ్‌మన్ ప్రకారం వీళ్ళ కష్టాలు వేర్వేరు. మొదటివాళ్ళు ఎదుటివారి ఇబ్బందిని సంభాళించాలి. రెండోవాళ్ళు ఎవరికి, ఎప్పుడు, ఎంత తెలియనివ్వాలో చూసుకోవాలి. కాబట్టి మీ శాంపిల్ రెండు గుంపులవుతుంది, ప్రశ్నల పట్టికలూ రెండవుతాయి. ఇంకో సంగతి: పళ్ళ మచ్చలు పళ్ళు ఏర్పడే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీటితో వస్తాయి. తర్వాత నీళ్ళు మారినా అవి పోవు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్ళు రాకముందు పెరిగినవాళ్ళు, వచ్చాక పుట్టినవాళ్ళు ఒకే ఇంట్లో ఉంటారు. వయసు గుంపులు ఎంచుకునేటప్పుడు ఈ గీతను గుర్తుపెట్టుకోండి. "18 నుంచి 60 ఏళ్ళు" అని రాసి వదిలేయకండి.

రెండోది, మీ పరిశోధనకు అన్నిటికన్నా పనికొచ్చేది: స్టిగ్మా ఒంటి మీది లక్షణంలో ఉండదు, ఆ లక్షణానికీ చుట్టూ ఉన్నవారి అంచనాలకూ మధ్య సంబంధంలో ఉంటుంది. ఊళ్ళో సగం మందికి పళ్ళు అలాగే ఉంటే అది మచ్చే కాకపోవచ్చు. అదే పిల్లవాడు హైదరాబాద్‌లో హాస్టల్‌లో చేరిన మొదటి వారం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకోవచ్చు. అంటే ఫీల్డ్ ఒక్క మర్రిగూడ అయితే సరిపోదు. ఊళ్ళో ఉన్నవాళ్ళతోపాటు చదువుకో పనికో పట్నం వెళ్ళిన అదే ఊరివాళ్ళను కూడా కలవాలి. ఎక్కడ ఫీల్డ్‌వర్క్ చేయాలో థియరీ నిర్ణయించడం అంటే ఇదే. ఐదో గడిలో ఏం రాయాలో కూడా ఇక్కడే తేలుతుంది. పట్నం వెళ్ళినవాళ్ళు కూడా "ఎవరూ పట్టించుకోలే" అని స్వస్థంగా, ఉదాహరణలతో చెబితే ఈ భావన మీ దగ్గర వీగిపోయినట్టే. దాన్ని కూడా రాయాలి.

మూడోది, మచ్చ పక్కవాళ్ళకూ అంటుకోవడం. అక్కకు కాళ్ళు వంగితే ఏ జబ్బూ లేని చెల్లెలి సంబంధం తప్పిపోవచ్చు. అందుకని పెళ్ళీడు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, సంబంధాలు కుదిర్చే మధ్యవర్తులు మీ జాబితాలోకి రావాలి. ఇప్పుడు వాళ్ళెవరూ అందులో లేరు.

ఇక ప్రశ్నల సంగతి. "వివక్ష ఎదుర్కొన్నారా?" అంటే ఉందనో లేదనో జవాబొస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. థియరీ పదాలను ప్రశ్నల్లోకి రానివ్వకుండా, ఒక సంఘటన గుర్తుకొచ్చేలా అడగండి. "మీ చెల్లెను చూడొచ్చినోళ్ళు ఏమేం అడిగిండ్రు? నీళ్ళ ముచ్చట ముందుగాల ఎవరు తీసిండ్రు?" "పట్నంల కొత్తగ పనికి జేరినంక మొదటి వారం ఎట్ల గడిచింది?" ఇలాంటివి. గంట, గంటంబావు ఇంటర్వ్యూకు 22 ప్రశ్నలు ఎక్కువ. ఎనిమిది నుంచి పది ప్రధాన ప్రశ్నలు పెట్టుకుని, ఒక్కొక్కదానికి రెండు మూడు ఉప ప్రశ్నలు సిద్ధంగా ఉంచుకోండి. ఇద్దరు ముగ్గురితో ముందు ప్రయత్నించి చూడండి. జవాబు రెండు వాక్యాలు దాటని ప్రశ్నను తీసేయండి, లేదా తిరగరాయండి. పెళ్ళికాని చెల్లెలితో తల్లిదండ్రుల ముందు ఈ మాటలు తీయకూడదని వేరే చెప్పక్కర్లేదు.

గోఫ్‌మన్‌కు అందని విషయం ఒకటుంది: అధికారం. బ్రూస్ లింక్, జో ఫెలన్ 2001లో స్టిగ్మాను ముద్ర వేయడం, మూస కట్టడం, వేరు చేయడం, హోదా పోగొట్టడం, వివక్ష చూపడం అనే వరుసగా చెప్పి, ఇదంతా అధికారం ఉన్నచోటే నడుస్తుందన్నారు. వైకల్య శాతం నిర్ధారించే సదరం శిబిరాలకు వెళ్ళే వాళ్ళ గురించి రాసేటప్పుడు ఇది పనికొస్తుంది. అక్కడ 40 శాతం వైకల్యం అని ముద్ర పడితేనే పింఛను. మచ్చను దాచుకునే మనిషే అక్కడికొచ్చి అదే మచ్చను నిరూపించుకోవాలి. మీ పట్టికలో పింఛను గురించి మూడు ప్రశ్నలున్నాయి. ఆ మూడూ తీసేసి "సదరం క్యాంపుకు పోయిన దినం పొద్దుటి సంది ఏం జరిగిందో చెప్పుండ్రి" అని ఒక్కటి పెట్టండి.

ప్రశ్న: సైద్ధాంతిక చట్రం, భావనాత్మక చట్రం, సాహిత్య సమీక్ష, పారడైమ్. ఒక్కో పుస్తకం ఒక్కో రకంగా చెబుతోంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగితే ఏం చెప్పాలి?
– ఎం.ఫిల్. చేసిన అధ్యాపకుడు, మిర్యాలగూడ

జవాబు: పుస్తకాలు నిజంగానే ఏకాభిప్రాయంలో లేవు. మీరు ఏ అర్థంలో వాడుతున్నారో మొదటే చెప్పేస్తే చాలు. పనికొచ్చే విభజన ఇది. పారడైమ్ అంటే జ్ఞానం ఎలా దొరుకుతుందన్న మీ నమ్మకం: నిజం బయట ఉందని కొలుస్తారా, మనుషులు అర్థం కట్టుకుంటారని వింటారా. సైద్ధాంతిక చట్రం అంటే ఇతరులు కట్టి, పరీక్షకు నిలిచిన సిద్ధాంతాల్లోంచి మీరు తీసుకున్న భావనలు. భావనాత్మక చట్రం మీ సొంత పటం: ఆ భావనలు, ఇతరుల పరిశోధనల్లో తేలినవి, మీ ఫీల్డ్‌లో ముందే తెలిసిన సంగతులు ఒక దగ్గర పెట్టి, ఏది దేనితో ముడిపడిందని మీరనుకుంటున్నారో చూపించేది. సాహిత్య సమీక్ష ఎవరెవరు ఏం కనుగొన్నారో, ఎక్కడ ఖాళీ ఉందో చెబుతుంది. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాలి. "అర్థాలు మనుషులు కట్టుకునేవి" అని మూడో పేజీలో రాసి, నలభయ్యో పేజీలో "చలాంకాల (వేరియబుల్స్) మధ్య ప్రభావాన్ని నిర్ధారించడమైనది" అని రాస్తే వైవాలో పట్టుకునేది అక్కడే.

ప్రశ్న: నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణె వెళ్ళే వలస కూలీల మీద పని చేస్తున్నాను. డాక్టోరల్ కమిటీలో ఒకరు లీ పుష్-పుల్ (ఊరి నుంచి తోసేవి, పట్నానికి లాగేవి) పెట్టమన్నారు, ఒకరు వలస కొత్త ఆర్థిక సిద్ధాంతం అన్నారు, మూడో సార్ యాన్ బ్రెమన్‌ను చదవమన్నారు. ముగ్గురినీ నొప్పించకుండా మూడూ కలిపి రాయొచ్చా?
– పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ముగ్గురినీ మెప్పించే చట్రంతో ఫీల్డ్‌కు వెళితే మూడు థీసిస్‌ల పని మీద పడుతుంది. ఈ మూడు సిద్ధాంతాలూ మూడు వేర్వేరు మనుషులను వెతుక్కుంటాయి. తేడా అక్కడ చూడండి.

ఎవరెట్ లీ 1966లో చెప్పినదాంట్లో నాలుగు అంశాలున్నాయి: బయల్దేరే చోటి పరిస్థితులు, చేరే చోటి పరిస్థితులు, మధ్యలోని అడ్డంకులు, వ్యక్తిగత అంశాలు. నిర్ణయించేది మనిషి. దీన్ని ఇంటర్వ్యూలో పెడితే "వానల్లేవు, అప్పులున్నయ్, ఈడ పని లేదు" అన్న జాబితా వస్తుంది. ముప్ఫై మందిని అడిగినా అదే జాబితా. పాలమూరు వలసల గురించి పేపరు చదివే ప్రతివాళ్ళకూ అది తెలుసు. సర్వేకు లీ సరిపోతాడు, లోతు ఇంటర్వ్యూకు అంతగా పనికిరాడు.

వలస కొత్త ఆర్థిక సిద్ధాంతంలో, అంటే ఒడెడ్ స్టార్క్, డేవిడ్ బ్లూమ్ 1985లో రాసిన దారిలో, నిర్ణయం కుటుంబానిది. ఒకరు ఊళ్ళో సేద్యం చూసుకుంటే ఒకరు పట్నం పోవడం నష్టభయాన్ని పంచుకునే ఏర్పాటు. పంట బీమా, బ్యాంకు అప్పు అందని చోట ముంబై నుంచి వచ్చే డబ్బే బీమా. ఈ దారి పడితే మీ యూనిట్, అంటే మీరు పరిశీలించేది, ఇల్లు అవుతుంది. ఒక్కో ఇంట్లో వెళ్ళినవాళ్ళు, ఉండిపోయిన ముసలివాళ్ళు, ఇల్లు నడిపే ఆడమనిషి, కనీసం ముగ్గురితో విడివిడిగా మాట్లాడాలి. పన్నెండు ఇళ్ళంటే 36 ఇంటర్వ్యూలు. "అందరం కూసోని అనుకున్నం" అని కొడుకూ, "నన్నెవ్వరడిగిండ్రు" అని కోడలూ చెబితే కంగారు పడకండి. ఇల్లంతా ఒకే మాట మీద ఉంటుందన్న ఊహ ఈ సిద్ధాంతంలో బలహీనమైన చోటు. మీ థీసిస్ కొత్తగా చెప్పగలిగింది అక్కడే దొరకొచ్చు.

బ్రెమన్ గుజరాత్‌లో చేసిన ఫీల్డ్‌వర్క్‌తో చూపించింది వేరు: కూలీని కుదిర్చే మధ్యవర్తి, ముందస్తు డబ్బు, ఆ అప్పుతో పడే కట్టు, సీజన్ కాగానే తిరిగి ఊరికి తోసేయడం. మన దగ్గర గుంపు మేస్త్రీ, అడ్వాన్సు అంటే ఇవే. ఇక్కడ యూనిట్ కూలీకీ మేస్త్రీకీ మధ్య ఉన్న సంబంధం. మేస్త్రీతో, అతని దగ్గర పని మానేసిన వాళ్ళతో కూడా మాట్లాడకపోతే ఈ చట్రం సగమే పనిచేస్తుంది.

రెండింటిని కలపొచ్చు, ఒక షరతు మీద. స్టార్క్ వలసలో ఎంపిక చూస్తాడు, బ్రెమన్ బంధనం చూస్తాడు. ఈ రెండు ఊహలూ ఢీకొంటాయి. ఆ ఢీకొనడాన్ని దాచి పక్కపక్కన రెండు పేరాలు రాస్తే ఎగ్జామినర్ ఊరుకోడు. అదే ఢీకొనడాన్ని పరిశోధన ప్రశ్నగా మార్చండి: "ఏ పరిస్థితుల్లో వలస కుటుంబ నిర్ణయంగా మొదలై మేస్త్రీ కట్టుగా మారుతుంది?" అప్పుడు రెండు సిద్ధాంతాలకూ వేర్వేరు పనులుంటాయి. లీకి సాహిత్య సమీక్షలో ఒక పేరా ఇవ్వండి. కమిటీలో ఎందుకు వదిలేశారని అడిగితే, ఏ ప్రశ్నకు ఆయన జవాబివ్వడో చెప్పండి. పెద్దలు నొచ్చుకోరు, కారణం చెబితే.

ఫీల్డ్ విషయంలో రెండు జాగ్రత్తలు. మేస్త్రీ ద్వారా కూలీలను పరిచయం చేసుకుంటే అతనికి నచ్చినవాళ్ళే మీ ముందుకొస్తారు. కనీసం సగం మందిని వేరే దారిలో పట్టుకోండి: బడి పంతులు, మహిళా సంఘం, రేషన్ దుకాణం. అడ్వాన్సు లెక్కలు పని చోట అడగకండి. దసరాకో పీర్ల పండుగకో ఊరికి వచ్చినప్పుడు ఇంట్లో కూర్చుని అడగండి. దాన్నిబట్టి మీ టైమ్‌టేబుల్ కూడా మారాలి. సినాప్సిస్‌లో "జనవరి–మార్చి: దత్తాంశ (డేటా) సేకరణ" అని రాశారు. ఆ నెలల్లో మీరు వెతికే మనుషుల ఇళ్ళకు తాళాలుంటాయి.

ప్రశ్న: బత్తాయి తోటలు తీసేసే రైతుల నిర్ణయాల మీద గ్రౌండెడ్ థియరీ పద్ధతిలో చేస్తున్నాను. అందులో ముందు థియరీ ఉండకూడదు కదా. కానీ సినాప్సిస్ ఫారంలో "సైద్ధాంతిక చట్రం" అని గడి ఉంది. ఖాళీగా వదిలితే తిప్పి పంపారు.
– పరిశోధక విద్యార్థి, నకిరేకల్

జవాబు: బార్నీ గ్లేజర్, ఆన్‌సెల్మ్ స్ట్రాస్ 1967లో చెప్పింది, సిద్ధాంతాన్ని దత్తాంశం నుంచి పైకి కట్టుకురమ్మని. బుర్ర ఖాళీ చేసుకుని వెళ్ళమన్నట్టు చాలామంది దాన్ని అర్థం చేసుకున్నారు. తర్వాత ఆ ఇద్దరే దీని మీద విడిపోయారు. ముందు చదువు ఎంత ఉండాలన్న విషయంలో గ్లేజర్ పట్టుదలగా ఉంటే స్ట్రాస్ కొంత సడలించాడు. కేథీ చార్మజ్ వచ్చేసరికి పరిశోధకుడి చూపు కూడా ఫలితంలో భాగమే అన్నారు. మీరు ఈ ముగ్గురిలో ఎవరి దారిలో ఉన్నారో ఆ గడిలో మొదటి వాక్యంగా రాయండి.

రెండో వాక్యానికి హెర్బర్ట్ బ్లూమర్ 1954లో వాడిన మాట తీసుకోండి: ఎటు చూడాలో సూచించే భావనలు. మీకు రెండు మూడు చాలు. నష్టభయం, నీటి భరోసా, తోటకు పెట్టిన ఏళ్ళ పెట్టుబడి. ఇవి చూపు ఆనించడానికే తప్ప కోడ్‌లుగా (ఇంటర్వ్యూ మాటలకు తగిలించే పేర్లుగా) వాడబోనని, దత్తాంశం వేరే దారి చూపితే వదిలేస్తానని రాయండి. మూడో వాక్యంలో ఎలా వదిలేస్తారో రాయండి: మెమోలు. ఏ తేదీన ఏ భావన ఎందుకు పక్కన పెట్టారో అందులో ఉంటుంది.

అసలు అనుమానం వేరే చోట ఉంది. మీ పథకంలో "30 మంది రైతులతో ఇంటర్వ్యూలు, తర్వాత కోడింగ్" అని ఉంది. ఇది గ్రౌండెడ్ థియరీ కాదు. పేరు పెట్టుకున్న థీసిస్‌లు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. ఈ పద్ధతిలో సేకరణ, విశ్లేషణ కలిసే నడవాలి. నలుగురు రైతులతో మాట్లాడి ఆగి, కోడ్ చేసి, మెమో రాయాలి. ఆ నలుగురిలో ముగ్గురు "బోరు ఎండింది" అని చెప్పి, ఒకరు నీళ్ళుండి కూడా తోట కొట్టేశారనుకుందాం. ఐదో మనిషి ఎవరో ఆ ఒక్కరు చెబుతారు: నీళ్ళున్నా తీసేసిన ఇంకో రైతు. ఆయన మార్కెట్ మాట తీస్తే తర్వాత కమీషన్ ఏజెంటు. ఎండినా ట్యాంకర్లు పెట్టి తోట నిలబెట్టుకున్నవాళ్ళను కూడా ఏదో ఒక దశలో కలవాలి, లేకపోతే "ఎందుకు తీసేశారు" అన్నదానికి పోలిక దొరకదు. అందుకే సినాప్సిస్‌లో 30 అని ఖాయం చేయకండి. "తొలి విడత నలుగురైదుగురు, ఆ తర్వాత విశ్లేషణను అనుసరించి" అని రాసి, అంచనాగా పై హద్దు ఇవ్వండి. ఈ తిరుగుడుకు టైమ్ లేదనుకుంటే ఆ పేరు వదిలేసి థీమాటిక్ అనాలిసిస్ (మాటల్లో పదేపదే వచ్చే అంశాలను వెతికే పద్ధతి) అని రాసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు చెంచు స్త్రీల ప్రసూతి సేవల మీద ఎమ్మెస్సీ నర్సింగ్ డిసర్టేషన్. పెంచాన్‌స్కీ, థామస్‌ల ఐదు అంశాల చట్రం వాడాను. 14 ఇంటర్వ్యూల్లో ప్రతి మాటా ఐదింటిలో ఏదో ఒకదాంట్లో చక్కగా సరిపోయింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మాత్రం "ఇరికించారు" అన్నారు.
– నర్సింగ్ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: చక్కగా సరిపోవడమే ఆయనకు అనుమానం తెచ్చి ఉంటుంది. 1981లో వచ్చిన ఆ ఐదు అంశాలు సేవలు ఉన్నాయా, చేరుకోగలరా, వేళలూ ఏర్పాట్లూ కుదురుతాయా, ఖర్చు భరించగలరా, ఇరుపక్షాలకూ ఒప్పుదల ఉందా అన్నవి. అమెరికాలో రోగుల సంతృప్తి సర్వేతో పరీక్షించిన చట్రం ఇది. నల్లమల లోపలి పెంటల్లో (చెంచు గూడేల్లో) బతుకు అందులో మొత్తంగా ఇమడాలని ఏమీ లేదు.

మీ కోడ్‌ల పట్టికలో "ఒప్పుదల" కింద ఉన్నవి చూడండి. నర్సు కసురుకోవడం, మగ డాక్టరు, ఆస్పత్రిలో ఒంటరిగా పడుకోవాలన్న భయం, మంత్రసాని మీద నమ్మకం, అడవి వదిలి రమ్మంటారేమోనన్న శంక: అన్నీ అందులోనే. ఒక్క డబ్బాలో ఇన్ని పడితే ఆ డబ్బా పనిచేయడం మానేసిందని అర్థం. చివరిదైతే ఒప్పుదల కిందికి రాదు. పులుల అభయారణ్యంలో ఉంటున్నవాళ్ళకు ప్రభుత్వం అంటే ఆస్పత్రి ఒక్కటే కాదు, అటవీ శాఖ కూడా. ఆ భయం ప్రసూతి సేవల దాకా వచ్చిందంటే అది మీ ముఖ్యమైన ఫలితం. మీ చేతిలోనే ఉంది, డబ్బాలో పడి కనిపించలేదు.

ఇప్పుడు చేయగలిగింది ఇది. మూడు ట్రాన్స్‌క్రిప్ట్‌లు (ఇంటర్వ్యూల రాతప్రతులు) తీసుకోండి, మిగతావాటికి భిన్నంగా ఉన్నవైతే మంచిది. చట్రం పక్కన పెట్టి, వరుస వెంట వరుస, వాళ్ళ మాటల్లోనే కోడ్‌లు రాయండి. ఆ తర్వాతే ఐదు అంశాలతో పోల్చండి. "ఐదింటిలో పట్టనివి" అని ఆరో కోడ్ ఒకటి తప్పనిసరిగా పెట్టండి. అది ఖాళీగా మిగిలిందంటే మళ్ళీ చదవాలి.

కోడ్‌బుక్‌లో ఒక్కో కోడ్‌కు పేరు, రెండు వాక్యాల నిర్వచనం, ఏది చేరుతుందో, ఏది చేరదో, ఒక నమూనా మాట ఉండాలి. అందరూ వదిలేసేది "ఏది చేరదో" అన్న భాగమే. ఉదాహరణకు "వేళలు, ఏర్పాట్లు": పొద్దున్నే అడవిలోకి తేనెకో జిగురుకో వెళ్ళే ఇంటికి ఓపీ వేళ కుదరకపోవడం ఇందులో చేరుతుంది. 108 పెంట దాకా రాలేకపోవడం చేరదు, అది "చేరుకోవడం" కిందికి వెళ్ళాలి. నిర్వచనం తయారయ్యాక రెండు ట్రాన్స్‌క్రిప్ట్‌లు మీ తోటి విద్యార్థిని చేత విడిగా కోడ్ చేయించండి. ఇద్దరూ ఎక్కడ విడిపోయారో అక్కడ నిర్వచనం వదులుగా ఉన్నట్టు.

చివరగా మ్యాట్రిక్స్. అడ్డ వరుసల్లో 14 మంది స్త్రీలు, నిలువు వరుసల్లో ఆరు అంశాలు. నిలువుగా చదివితే థీమ్ కనిపిస్తుంది, అడ్డంగా చదివితే మనిషి కనిపిస్తుంది. మీ డిసర్టేషన్‌లో అడ్డంగా చదివిన జాడ లేదు. ఐదు అంశాలూ అనుకూలంగా ఉండి కూడా ఇంట్లోనే పురుడు పోసుకున్నవాళ్ళు మీ 14 మందిలో ఉన్నారా? ఉంటే ఆ ఒక్కరి మీద రెండు పేజీలు రాయండి. ఎగ్జామినర్ అడిగినదానికి అదే జవాబు.

ప్రశ్న: పోచంపల్లి, కొయ్యలగూడెంలో చేనేత పని నేర్చుకునే యువత మీద 18 ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఇప్పుడు గైడ్ మారారు, కొత్త సార్ థియరీ కావాలంటున్నారు. ముందు నుంచే ఉన్నట్టు రాసేయమని సీనియర్లు చెబుతున్నారు.
– పరిశోధక విద్యార్థి, భువనగిరి

జవాబు: సీనియర్ల మాట వినకండి. ముందు నుంచే ఉండి ఉంటే అడగాల్సిన ప్రశ్నలు మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లలో కనిపించవు, వైవాలో మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. దత్తాంశంలో తగిలిన వింతను పట్టుకుని సిద్ధాంతం వెతకడం కూడా పద్ధతే, దానికి అబ్డక్షన్ అని పేరుంది. "ఇంటర్వ్యూల తర్వాత ఈ చట్రాన్ని తీసుకున్నాను, కారణం ఇది" అని పద్ధతుల అధ్యాయంలో రాయండి.

మీ సారాంశం ప్రకారం పిల్లలు ఇంట్లో కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, చిటికి కట్టడం (రంగు అంటకుండా నూలుకు ముడులు వేయడం), అద్దకం మీదుగా మగ్గం దాకా వస్తారు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో అంచు నుంచి నడుమకు సాగే అభ్యసనం గురించి చెప్పింది దీనికి బాగా అతుకుతుంది. మరీ బాగా అతుకుతుంది కాబట్టే జాగ్రత్త. ఆసు పోయడం, అంటే చిటికి కట్టేముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పేర్చడం చూడండి. ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు చేసిన పని, వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. అది చేసినవాళ్ళంతా మగ్గం మీద నేతగాళ్ళుగా గుర్తింపు పొందారా? లేదంటే అంచున ఉన్నవాళ్ళందరూ నడుమకు రారు. చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం వచ్చాక ఆ చేతులు ఏ పనికి మళ్ళాయి, అన్నది ఆ సిద్ధాంతాన్ని మీ ఊళ్ళో నిలదీసే ప్రశ్న. దీనికోసం అదనంగా ఐదారు ఇంటర్వ్యూలు చేయాలి, అన్నీ ఆడవాళ్ళతో. ఇప్పటి 18 మందిలో ఆడవాళ్ళు ముగ్గురేనని రాశారు.

ప్రశ్న: గుణాత్మక పరిశోధనకు ఎంతమంది ఉంటే చాలు? ఒకరు 12 అంటారు, ఒకరు 30 అంటారు.
– పరిశోధక విద్యార్థి, వనపర్తి

జవాబు: 12 అన్న అంకె గెస్ట్, బన్స్, జాన్సన్ 2006లో చేసిన పరిశీలన నుంచి వచ్చింది. ఒకే తరహా మనుషులు, ఒకే ప్రశ్నల పట్టిక ఉన్నప్పుడు పన్నెండు ఇంటర్వ్యూలకు కొత్త కోడ్‌లు దాదాపు ఆగిపోయాయని వాళ్ళన్నారు. ఆ షరతులు వదిలేసి అంకె ఒక్కటే మనవాళ్ళకు గుర్తుండిపోయింది. మాల్‌తెరూడ్ బృందం 2016లో వేరే కొలత ఇచ్చింది: లక్ష్యం ఎంత ఇరుకు, మనుషులు ఎంత నేరుగా విషయానికి చెందినవాళ్ళు, స్థిరపడిన థియరీ ఉందా, సంభాషణ ఎంత లోతుగా నడిచింది, విశ్లేషణ ఒక్కొక్కరి లోతులోకా లేక అందరినీ పోల్చడానికా. వీటిలో మూడోది గమనించండి. థియరీ గట్టిగా ఉంటే తక్కువమందితో సరిపోతుంది, ఎందుకంటే ఎక్కడ తవ్వాలో ముందే తెలుసు. మీ శాంపిల్‌లో రెండు మండలాలు, మూడు కులాలు, ఆడా మగా అని గుంపులు పెంచుకుంటూ పోతే 12 చాలదు. గుంపుకు ఇద్దరే మిగులుతారు, పోల్చడానికి ఏమీ ఉండదు. గుంపులు రెండుకు కుదించి, ఒక్కోదాంట్లో ఎనిమిది నుంచి పదిమంది అని రాయండి. పక్కనే ఆ రెండు గుంపులూ మీ చట్రంలోని ఏ భావన నుంచి వచ్చాయో ఒక వాక్యం చేర్చండి.